మూడొందల దాకే రసీదులు

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయన డేల్ వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మా ఇద్దరి పన్నులు వేస్తున్నాడు. ఏటా ఇదే తంతు. తను రోడ్ల మీది మంచు తోసే కౌంటీ వాళ్ల లారీ నడుపుతాడు కాబట్టి తన లెక్క కాఫీ చల్లారేలోపు తేలిపోతుంది. నా లెక్క దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ మీద ఆ ప్రశ్న వస్తుంది. మీరు టీచరా? తరగతి గదికి సొంత డబ్బుతో ఏమైనా కొన్నారా?

టీచరమ్మగారూ, ఈ ఏడు ఎంత తగలేశారేంటి అని అడిగాడు డేల్.

మూడొందలని కొట్టు అన్నాను.

అది సరేలే, నిజంగా ఎంతయిందీ అన్నాడు.

నిజంగా ఎంతైతే ఎవడికి కావాలి, అక్కడ మూడొందలకు మించి చూపించుకోనివ్వరు అన్నాను. నిజం చెబితే తను గుండె పట్టుకుంటాడు. అంకె కొట్టగానే స్క్రీన్ మీద రంగు కాగితాలు రాలాయి. అభినందనలట.

జనం ఆ మూడొందలూ మా చేతికొస్తాయనుకుంటారు. రావు. ఆ మూడొందల మీద పన్ను మాత్రం వదిలేస్తారు. మా ఇంటి లెక్కలో అది ముప్పై ఆరు డాలర్లు. పోయిన చలికాలం ముక్కు తుడుచుకునే టిష్యూలకే అంతకంటే ఎక్కువైంది.

డేల్ తమ్ముడు గ్యారీ ఉన్నాడు. గడ్డకట్టిన సరస్సు మీదికి టూరిస్టులను చేపల వేటకు తీసుకెళ్తాడు. వాడి స్నోమొబైల్, వాడి పెట్రోలు, వాడి గాలానికి గుచ్చే పురుగులు, అన్నీ వ్యాపార ఖర్చే. ఆఖరి పురుగు దాకా ఆదాయంలోంచి తీసేసుకుంటాడు. గ్యారీ పురుగులకు పరిమితి లేదు. నా పెన్సిళ్లకు ఉంది.

వాడు పురుగుల మీద సంపాదిస్తాడే, నువ్వు పిల్లల మీద సంపాదిస్తావా, అదీ తేడా అన్నాడు డేల్. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను.

ఫిబ్రవరి 10

ఇంకా కోపంగానే ఉంది.

మార్చి 5, బుధవారం

స్కూలు మూసేస్తున్నారు.

బడి వదిలాక ప్రిన్సిపాల్ రోజర్ మమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి చావు కబురు చల్లగా చెప్పాడు. పిల్లలు తగ్గిపోయారట, పైకప్పు కారుతోందట, బాయిలర్ ముసలిదైపోయిందట. సెప్టెంబర్ నుంచి అందరం హైవే పక్కన కట్టిన కొత్త స్కూల్లోకి వెళ్లాలి. ఉద్యోగాలకు ఢోకా లేదు, అది నా పూచీ అన్నాడు. పాపం, చెబుతున్నంతసేపూ కారుతున్న పైకప్పు వైపే చూశాడు. ఆయన కూడా ఇక్కడే రెండో తరగతి చదివాడు.

ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడవలేదు. ఇంటికొచ్చి ఇంటి ముందు మంచంతా పారతో ఎత్తిపోశాను. డేల్ కిటికీలోంచి చూస్తూ, అది నా ఉద్యోగం కదే, దాన్ని కూడా లాక్కుంటున్నావా అని అరిచాడు.

మార్చి 14

కొత్త స్కూలు చూసొచ్చాను. నా గది పెద్దది, వెలుతురు బాగుంది. గోడలు ఉన్నాయి, బల్లలు ఉన్నాయి, గోడంత స్క్రీన్ ఉంది. పుస్తకం అన్నది ఒక్కటి లేదు. స్కూలు లైబ్రరీ వారానికి ఒక్కరోజే తెరుస్తారట, లైబ్రేరియన్ ఉద్యోగం పోయిన ఏడాదే తీసేశారు.

ఫరవాలేదు, నా పుస్తకాలు నాకున్నాయి అనుకుని వచ్చాను.

మార్చి 19, బుధవారం

నా పుస్తకాలు నాకు లేవట.

ఈ చుట్టుపక్కల స్కూళ్లన్నిటినీ నడిపే డిస్ట్రిక్ట్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఈ భవనాన్ని అమ్మేస్తున్నారు. జూన్ 13న గదుల్లో ఏది ఉంటే అది డిస్ట్రిక్ట్ ఆస్తి. అన్నీ వేలంలో పోతాయి. ఆ డబ్బుతో కొత్త స్కూల్ జిమ్‌లో స్కోర్‌బోర్డు పెడతారు. టీచర్ సొంత వస్తువని ఎవరైనా అంటే రసీదు చూపించాలి.

మెమో వెనకే మనిషి కూడా వచ్చాడు. ట్రెంట్ వాల్ష్. డిస్ట్రిక్ట్‌లో జమాఖర్చులు చూసే కుర్రాడు. పెద్ద వంతెన దాటి దక్షిణం నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. మర్యాద తెలిసినవాడే, తలుపు తట్టి మరీ వచ్చాడు. చేతిలో ఎర్ర చుక్కల స్టిక్కర్ల చుట్ట. పిల్లలు చూస్తుండగానే అంటించడం మొదలుపెట్టాడు. ఎరుపంటే డిస్ట్రిక్ట్‌ది. తివాచీకి ఒకటి. ఊగుడు కుర్చీకి ఒకటి. పుస్తకాలు పెట్టుకునే ప్లాస్టిక్ తొట్లు ఒక్కొక్కదానికీ, వాటిలో పుస్తకాలకూ. నా టీ కెటిల్‌కి కూడా. అందులో నీళ్లు అప్పుడు మరుగుతున్నాయి.

జోసీ నీమీ చెయ్యెత్తింది. పుస్తకాలకి ఏం జబ్బు చేసింది మిసెస్ లాహ్తీ అని అడిగింది.

తొమ్మిది వందల పుస్తకాలు. ఇరవై మూడేళ్లలో ఒక్కొక్కటీ నేను కొన్నవి. డిస్ట్రిక్ట్ కొన్నది ఒక్కటుంటే చూపించమనండి, నేను దాన్ని పచ్చిగా నమిలి మింగుతాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యడం లేదు, వేలం వేస్తున్నాడు.

మార్చి 20, గురువారం

రసీదులు లేవు.

స్కూలయ్యాక టెస్ వచ్చింది. ఎదురు గదిలో కిండర్‌గార్టెన్ టీచరు, నా పెద్ద కూతురి వయసు ఉంటుంది. వాళ్ల గదిలో బొమ్మల ఇల్లు, బొమ్మల పొయ్యి, ఇసుక బల్ల, అన్నిటికీ ఎర్ర చుక్కలే. ఇద్దరం నేల మీద కూర్చుని రసీదులు వెతికాం. నా దగ్గర పోయిన మూడేళ్లవి ఉన్నాయి, ఏటా ఆగస్టువి. పెన్సిళ్లు, గ్లూ, మార్కర్లు, నోటు పుస్తకాలు. ఏటా సెప్టెంబర్ రెండో వారంతో ఆగిపోయాయి. ఎందుకాగాయో చెప్పక్కర్లేదు, మూడొందలు నిండాయి.

నీదీ అంతేనా అన్నాను. ఇంకేం చేస్తాం డోరీన్, మూడొందలు నిండాక ఆ కాగితాలు దేనికి, పొయ్యిలోకా అంది టెస్. తనైతే అంకె నిండగానే ఆ రోజు ఇంటికెళ్లి ఒక బీరు తాగుతుందట, ఇక ఈ ఏడాదికి కాగితాలు దాచే పని లేదని. ఆ బీరు కూడా సొంత ఖర్చే.

ఇక్కడ అందరం ఇలాగే చేస్తాం. పక్క గదివాళ్లను కూడా అడిగాం. ఒక్కరి దగ్గర కూడా సెప్టెంబర్ తర్వాత కొన్నదానికి రసీదు లేదు. మూడొందల దగ్గర ప్రభుత్వం కళ్లు మూసుకుంటుందని మాకు తెలుసు, అందుకని మేమూ మూసుకున్నాం. ఉన్న ఆ కాస్త రసీదులు కూడా మూడేళ్లు దాటితే డేల్ పొయ్యి రాజెయ్యడానికి వాడేస్తాడు, పన్నులవాళ్లు అంతకంటే వెనక్కి వెళ్లి అడగరని.

పుస్తకాల సంగతి ఇంకా దారుణం. సగానికి పైగా గ్యారేజ్ సేల్స్‌లో కొన్నవి. ఎవరి ఇంటి ముందో మడత బల్ల మీద పరిచిన పుస్తకాలు, ఐదు కలిపి డాలరు. అక్కడ రసీదు అడిగితే పిచ్చిదాన్ననుకుంటారు.

మార్చి 27, గురువారం

సెలవు పెట్టి ట్రెంట్ వాల్ష్ ఆఫీసుకు వెళ్లాను. నా తెలివికి నేనే మురిసిపోతూ వెళ్లాను. రసీదులు లేకపోతేనేం, పన్ను కాగితాలు మాత్రం అన్నీ దాచాం కదా. ప్రతి ఏడాదీ నేను తరగతి గదికి ఖర్చు పెట్టానని ఫెడరల్ ప్రభుత్వానికి సంతకం పెట్టి చెప్పిన కాగితాలు. అంతకంటే రుజువేం కావాలి?

ఆయన కాఫీ ఇచ్చాడు. కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశాడు. తర్వాత అన్నాడు కదా, మిసెస్ లాహ్తీ, మీరు ఏడాదికి పన్నెండు వందలో పదిహేను వందలో పెట్టానంటున్నారు, కానీ ఇక్కడ మీ సంతకం కింద మూడొందలే ఉంది, అంతకు ముందైతే రెండొందల యాభయ్యే ఉంది, మరి నేను దేన్ని నమ్మాలండీ?

అంతకంటే రాయనివ్వరు కాబట్టి రాయలేదు బాబూ అన్నాను.

అర్థమైందండీ, కానీ కాగితం మీద ఉన్నది ఇదే కదా అన్నాడు. అది కూడా పెన్సిళ్లూ గ్లూలేనట, ఎప్పుడో అరిగిపోయి ఉంటాయట, పుస్తకాలని ఎక్కడా లేదట. ఇక ఆఖరిమాట ఇది. పైగా వీటికి మీకు ప్రభుత్వం డబ్బులు తిరిగి ఇచ్చేసింది కదండీ, అంటే ఒక రకంగా ఇవి ప్రజల సొమ్ముతో కొన్నట్టే అన్నాడు.

ముప్పై ఆరు డాలర్లు! ఏడాదికి ముప్పై ఆరు డాలర్లు విదిలించి నా ఊగుడు కుర్చీని ప్రజల సొమ్ము చేశారు! నాకేం చెయ్యాలో తెలియక కాఫీ కప్పు టేబుల్ మీద గట్టిగా పెట్టాను. ఒలికింది. ఆయనే తుడిచాడు. అది ఇంకా మండించింది.

చట్టం మూడొందలకు మించి ఒప్పుకోదు. కాబట్టి నేను మూడొందలకు మించి పెట్టలేదు. నేను మూడొందలకు మించి పెట్టలేదు కాబట్టి మిగతావి నావి కావు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడికి కనీసం కుందేలైనా దొరికింది. ఈయనకు దొరికింది నేను.

మార్చి 28

డేల్ తనే ఆ ఆఫీసుకు వెళ్లి మాట్లాడతానన్నాడు. మంచు లారీతోనా అన్నాను. అదే ఆలోచిస్తున్నా అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

స్కూల్ బోర్డు మీటింగ్. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, కాకపోతే మూడు నిమిషాలు. ఎదురుగా గడియారం తిరుగుతుంటుంది. నిన్నంతా రాసుకున్నది చదువుదామని లేచాను. రాసిందంతా డబ్బు గురించే. బోర్డులో వెస్ అని ఒకాయన, హార్డ్‌వేర్ దుకాణం ఉంది, నేను నోరు తెరవకముందే అందుకున్నాడు. టీచర్లకి ఏటా మూడొందలు వెనక్కొస్తాయి కదమ్మా, మాకు ఆ సౌకర్యం కూడా లేదు అన్నాడు. వెస్, నీ దుకాణంలో మేకు నుంచి దుమ్ము గుడ్డ దాకా ఖర్చు కింద రాసుకుంటావు, నాకొచ్చేది ముప్పై ఆరు డాలర్లు, కావాలంటే రేపు నీ దుకాణానికొచ్చి నీకే ఇచ్చి పోతాను అన్నాను. వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. అప్పటికే ఒక నిమిషం పోయింది.

రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టేశాను. నాతో ఆరు పుస్తకాలు తెచ్చుకున్నాను, చూపించడానికి. పైన ఉన్నదాని అట్ట తెరిచి లోపల రాసినది చదివాను. కెండ్రాకి, ఆరో పుట్టినరోజుకి, ప్రేమతో అమ్మ.

బోర్డు అధ్యక్షురాలు లోర్నా పెల్కీ కళ్లజోడు తీసింది. అది ఆవిడ చేతిరాత.

అది నా పుస్తకం కదా డోరీన్, నీ దగ్గరికెలా వచ్చింది అంది. నువ్వే అమ్మావు, కెండ్రా హైస్కూల్లో చేరిన ఏడాది మీ గ్యారేజ్ సేల్‌లో, ఐదు కలిపి డాలరు, వాన పడుతుంటే నువ్వే సంచిలో పెట్టి ఇచ్చావు అన్నాను. దానికి రసీదు ఇచ్చావా లోర్నా అని అడిగాను. లేదంది. మరి ఇది నేను కొన్నదా, డిస్ట్రిక్ట్ కొన్నదా అన్నాను. ఇంకో పుస్తకం తెరిచాను, లోపల మైక్ సెప్పాలా, రెండో తరగతి అని ఉంది. మైక్ వెనక వరుసలో ఉన్నాడు, ఇప్పుడు గడ్డం, ఇద్దరు పిల్లలు. హేయ్, అది నాదే అన్నాడు. మా అమ్మ అమ్మేసిందా అన్నాడు. మూడో పుస్తకం తెరుస్తుండగా గంట మోగింది.

టీచర్ల వస్తువులు టీచర్లకే వదిలెయ్యాలా అని ఓటు పెట్టారు. నలుగురు కాదన్నారు, ముగ్గురు అవునన్నారు. లోర్నా అవునంది. వెస్ కాదన్నాడు. ఒకరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరు ఫోటోకాపీ మిషన్ నాదంటారు అన్నాడు.

మీటింగ్ అయ్యాక ట్రెంట్ నా దగ్గరికొచ్చాడు. ఒక మంచి మార్గం ఉందన్నాడు. ఈ పుస్తకాలు మీరు డిస్ట్రిక్ట్‌కి విరాళంగా ఇచ్చినట్టు లెటర్ ఇస్తానండీ, పన్నుల్లో దానం కింద చూపించుకోవచ్చు అన్నాడు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు! ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయిన మాలాంటివాళ్లు దానాలు విడిగా చూపించుకున్నా అందరికీ ఇచ్చే మామూలు మినహాయింపు దాటక పైసా తగ్గదని జమాఖర్చులు చూసేవాడికి తెలియదా? తెలుసు. తెలిసే ఇస్తానన్నాడో, ఆ క్షణానికి మర్చిపోయాడో నాకర్థం కాలేదు.

ముందు లాక్కుంటారు. తర్వాత ఇచ్చావని రాసిస్తారు.

ఏప్రిల్ 15

ఈ రోజు పన్నులకు ఆఖరి రోజు. మావి ఫిబ్రవరిలోనే పంపేశాం. పంపకుండా ఉండాల్సింది.

మే 9, శుక్రవారం

జోసీ చదివింది!

సెప్టెంబర్లో నా దగ్గరికొచ్చినప్పుడు ఈ పిల్లకు అక్షరాలన్నీ కూడా రావు. తల్లి లేదు, తాతయ్య దగ్గర ఉంటుంది. ఆయన అడవుల్లో చెట్లు కొట్టే పని చేసి రిటైరయ్యాడు. నెలల తరబడి జోసీ బొమ్మలే చూసింది. ఏటికి అడ్డుకట్టలు కట్టే బీవర్ల పుస్తకం ఒకటుంది, అట్ట ఊడిపోతే టేపు వేశాను, రోజూ అదే తెచ్చుకుని తివాచీ మీద బోర్లా పడుకునేది. ఈ రోజు నా పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. వేలు పెట్టి, ఒక్కో మాటా తోసుకుంటూ. మధ్యలో ఒకచోట ఆగి, ఈ బీవర్ చాలా మొండిది మిసెస్ లాహ్తీ, మీలాగ అంది.

నేను ఏడ్చాను. స్కూలు మూసేస్తున్నారంటే రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

ఇంటికి తీసుకెళ్లనా, తాతయ్యకి చదివి వినిపిస్తాను అని అడిగింది. తీసుకెళ్లమన్నాను. పుస్తకం మీది ఎర్ర చుక్కను గోటితో గీకేసి, మోచేతికి అంటించుకుని బస్సెక్కింది.

కొత్త స్కూల్లో వచ్చే ఏడు జోసీలాంటివాళ్లు నాకు పందొమ్మిది మంది వస్తారు. బోర్లా పడుకుని చూడ్డానికి వాళ్లకు ఒక్క పుస్తకం ఉండదు. నాకు కావాల్సింది ఆ పుస్తకాలే. కెటిల్ పోతే పోయింది.

మే 11, ఆదివారం

మెమో మళ్లీ చదివాను. జూన్ 13న గదుల్లో ఏది ఉంటే అది.

జోసీ తీసుకెళ్లిన పుస్తకం ఈ క్షణాన గదిలో లేదు.

మే 12, సోమవారం

సూపరింటెండెంట్ ఏటా మేలో ఒక ఉత్తరం పంపుతాడు. వేసవిలో పిల్లల చేత చదివించండి, టీచర్లు ఇంటికి పుస్తకాలివ్వడాన్ని మేం ఎంతో ప్రోత్సహిస్తాం అని. ఏటా చెత్తబుట్టలో వేసేదాన్ని. ఈ ఏడు ఫోటోకాపీలు తీసి పిల్లలందరి సంచుల్లో పెట్టాను, కింద నా మాట చేర్చి. వేసవి చదువు కోసం ఒక తొట్టెడు పుస్తకాలు పంపుతున్నాను, స్కూలు తెరిచిన రోజు కొత్త స్కూల్లో నా గదికి తెచ్చివ్వండి.

టెస్‌కి చెప్పాను. నువ్వు బయటికి అమ్మమ్మలా కనిపిస్తావు గానీ లోపల పెద్ద గజదొంగవి డోరీన్ అంది. నా వస్తువులు నేను దొంగిలించడం దొంగతనం ఎలా అవుతుంది అన్నాను. మరి నా ఇసుక బల్ల సంగతేంటి, దాన్ని ఏ పిల్లాడికి అరువిచ్చేది అంది.

జూన్ 6, శుక్రవారం

ఆఖరి తొట్టి ఈ రోజు వెళ్లింది. మూడు వారాలుగా పిల్లలు రోజూ మోస్తూనే ఉన్నారు. తల్లిదండ్రులు కార్లలో వచ్చారు. మైక్ సెప్పాలా తన పిల్లల తొట్లతోపాటు వెనక వీధిలో పిల్లలవి కూడా పికప్ ట్రక్కులో వేసుకెళ్లాడు. బస్సు డ్రైవర్ ఒక్క మాట అడగలేదు, సీట్ల మీద వరసగా పేర్చుకున్నాడు. పక్క గదుల టీచర్లు కూడా అదే పని.

చుక్కలు పెద్ద గొడవై కూర్చున్నాయి. పిల్లలు అన్నీ పీకేసి చేతులకూ, బుగ్గలకూ, ఒకరి వీపు మీద ఇంకొకరికీ అంటించుకున్నారు. స్కూలంతా తట్టు పోసినట్టుంది. రోజర్ వరండాలో ఎదురై తొట్టి మోస్తున్న నన్ను చూశాడు. ఇంత బరువు ఎందుకు మోస్తారు డోరీన్, నడుం పట్టేస్తుంది అన్నాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు.

జూన్ 13, శుక్రవారం

ట్రెంట్ జాబితా పట్టుకుని వచ్చాడు. గదిలో అరలు ఉన్నాయి. తివాచీ, కుర్చీ, కెటిల్ ఉన్నాయి. అరల్లో దుమ్ము ఉంది.

పుస్తకాలేవండీ అన్నాడు.

చదువుతున్నారు అన్నాను.

ఎవరండీ?

పిల్లలు. సూపరింటెండెంట్ గారు చదివించమన్నారు కదా.

ఆయన మొహం ఎర్రబడింది. నాకు జాలి వేసింది, ఎందుకు అబద్ధం, కొంచెమే వేసింది. ఇది చాలా పెద్ద విషయం అవుతుంది మిసెస్ లాహ్తీ అన్నాడు. ఇప్పటికే పెద్ద విషయం బాబూ, మీకు ఇప్పుడు కనిపిస్తోంది అన్నాను.

జూన్ 21, శనివారం

వేలానికి డేల్ వెళ్లాడు. వద్దన్నాను, విన్లేదు. పదిహేను డాలర్లకు నా ఊగుడు కుర్చీ కొనుక్కొచ్చాడు. రసీదు ఇచ్చారట. ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాడు. ఇదిగో టీచరమ్మా, ఇప్పుడు నీ కుర్చీ నీదే, చట్ట ప్రకారం అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు. ఆ కుర్చీకి మొదట డెబ్భై పెట్టాను.

టెస్ ఇసుక బల్లను ఎవరో కుక్క కోసం కొనుక్కున్నారు.

జూలై 22, మంగళవారం

బిల్లు వచ్చింది.

పోగొట్టిన డిస్ట్రిక్ట్ ఆస్తి, పుస్తకాలు తొమ్మిది వందలు, ఒక్కొక్కటి పన్నెండు డాలర్లు. మొత్తం పదివేల ఎనిమిది వందలు. సెప్టెంబర్ నుంచి నెలనెలా నా జీతంలో కోసుకుంటారట.

నేను కొన్నానంటే ఐదు కలిపి డాలరు. వాళ్లు పోగొట్టుకున్నామంటే ఒక్కోటి పన్నెండు. ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే. మార్చిలో ఇదే ఆఫీసు నా ఖర్చు ఏడాదికి మూడొందలు దాటలేదంది! ఇరవై మూడేళ్లు, ఏడాదికి అంత చొప్పున వేసుకున్నా ఏడువేలు దాటదు, నేను కొన్నదానికంటే ఎక్కువ పోగొట్టానా? ఎలా పోగొట్టాను, పుస్తకాలు పిల్లల్ని కన్నాయా?

డేల్ చదివాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. లేచి బయటికెళ్లి కట్టెలు కొట్టాడు. జూలైలో కట్టెలు దేనికి? ఆపలేదు.

జీతంలో అంత కోత పడితే చలికాలానికి ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు ఎలా నింపిస్తామో నాకు తెలియదు. భయం వేస్తోంది. కోపం కింద ఇన్నాళ్లూ కనపడలేదు గానీ ఉంది, భయం.

జూలై 23

జవాబు రాశాను. పుస్తకాలు పోలేదు, అరువు మీద ఉన్నాయి, గడువు సెప్టెంబర్ 2. అంతే రాశాను. డేల్ ఇంకో నాలుగు మాటలు చేర్చమన్నాడు. ఆ నాలుగు మాటలూ పోస్టులో పంపదగినవి కావు.

ఆగస్టు 18, సోమవారం

బోర్డు మీటింగ్. ఈసారి నేను లేవలేదు, లేవక్కర్లేకపోయింది. మైక్ సెప్పాలా లేచాడు. మా ఇంట్లో మూడు తొట్లున్నాయి, ఏదీ పోలేదు, చూడాలంటే రండి, మాంసం కూరిన పాస్టీలు కూడా పెడతాం అన్నాడు. తర్వాత ఇంకో తండ్రి. తర్వాత ఒక నాయనమ్మ, నాకు కళ్లు సరిగా కనపడవు, మనవడు చదివి పెడుతున్నాడు, దాని మీద మీరు బిల్లేస్తారా, సిగ్గులేదా అంది. వరసగా లేస్తూనే ఉన్నారు. గంట మోగుతూనే ఉంది.

లోర్నా ఓటు పెట్టింది. బిల్లు రద్దు. వెస్ కూడా చెయ్యెత్తాడు, పెద్దగా కాదు, చెవి గోక్కుంటున్నట్టు.

కారు దాకా పరిగెత్తినట్టు నడిచాను. డేల్ హారన్ కొట్టాడు, పార్కింగ్ అంతా వినబడేట్టు.

ఆగస్టు 27, బుధవారం

నిజంగా ఏం పాస్ చేశారో ఈ రోజు తెలిసింది. కొత్త స్కూల్లో గది తాళాలతో పాటు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. సంతకం పెట్టమన్నారు.

పుస్తకాలు డిస్ట్రిక్ట్‌వే. అయితే మిసెస్ లాహ్తీ ఇక్కడ పాఠం చెబుతున్నంత కాలం డిస్ట్రిక్ట్ వాటిని ఆమెకు ఉచితంగా అరువిస్తోంది.

నాకు! నా పుస్తకాలు! అరువు! ఉచితంగా!

పోరాడి గెలిచానని వారం రోజులుగా మొహం వెలిగించుకుని తిరిగాను. టెస్ సంతకం పెట్టేసింది, వాదించే ఓపిక లేదు డోరీన్, పిల్లలకు పుస్తకాలు ఉంటాయి కదా, అది చాలదా అంది. చాలాలి. చాలడం లేదు. పిల్లలకు దొరుకుతాయి, నిజమే, నేను కోరుకున్నదీ అదే. కానీ ఎవరు ఇచ్చారని అడిగితే వాళ్లకేం చెప్పాలి? స్కోర్‌బోర్డు కొన్నవాళ్లు ఇచ్చారనా?

సంతకం పెట్టాల్సిన చోట, చదివాను అని రాసి ఇచ్చేశాను. ఎవరూ చూసినట్టు లేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం, ఉదయం 7:40

అందరికంటే ముందు జోసీ తాతయ్య నీమీ గారు వచ్చారు. తొట్టి బల్ల మీద దింపారు. బీవర్ల పుస్తకం మాత్రం కోటు లోపలి నుంచి తీశారు. రోజూ భోజనాలయ్యాక పిల్ల చదువుతుందట, ఆయన వింటారట. ఇదొక్కటీ మాకు అమ్ముతారా టీచరుగారూ, ఎవర్నైనా అడగాలా అన్నారు.

ఎవర్నీ అడగక్కర్లేదు, తీసుకెళ్లండి, నావి నేను ఎవరికైనా ఇస్తాను అన్నాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. కాస్త గట్టిగా అన్నట్టున్నాను.